చలికాలం చివర్లో చింపాంజీలకు పొద్దు గడిపించడం ఎలా

శనివారం తెల్లారకముందే కారు అద్దం మీద పేరుకున్న మంచు గీకుతుంటే ఫోన్ మోగింది. అమ్మ. "సెలవు రోజన్నా కాసేపు పడుకోక, ఈ చలిలో ఆ కోతుల దగ్గరికేంట్రా?" కోతులు కావమ్మా, చింపాంజీలు, తోక కూడా ఉండదు అని మూడేళ్ళుగా చెప్తున్నాను. మా ఇంట్లో మాత్రం అవి కోతులే.

నేను వెళ్ళేది ఒక శాంక్చువరీకి, వాలంటీరుగా. ఈ మాటకి తెలుగులో అభయారణ్యం అంటాం గానీ ఇక్కడ అది అతకదు. ఇది అడవి కాదు, ఒక రకంగా వృద్ధాశ్రమం. ల్యాబుల్లో హెపటైటిస్ టీకాల ప్రయోగాలకి ఏళ్ళ తరబడి సూదులు పొడిపించుకున్నవాళ్ళు, సర్కస్‌లో టోపీ పెట్టుకుని సైకిల్ తొక్కినవాళ్ళు, ఎవరి ఇంట్లోనో పిల్లాడిలా పెరిగి, బలం వచ్చేసరికి బరువైనవాళ్ళు ఇక్కడ మిగిలిన జీవితం గడుపుతారు. టిక్కెట్టు కొని చూసే జూ కాదు. ఇక్కడ వాళ్ళకి పిల్లలు పుట్టకుండా చూస్తారు, ఎవర్నీ అమ్మరు. నేను "అవి" అని మొదలుపెట్టి "వాళ్ళు"కి ఎప్పుడు మారానో గుర్తులేదు. అక్కడ రెండు శనివారాలు పనిచేస్తే మీరూ మారతారు.

సియాటిల్ వైపు ఉండే తెలుగువాళ్ళకి దగ్గర్లో ఉన్నది క్లీ ఎలమ్ ఊరి దగ్గరి చింపాంజీ శాంక్చువరీ నార్త్‌వెస్ట్. పెన్సిల్వేనియాలో కిటికీల్లేని బేస్‌మెంట్‌లో బతికిన ఏడుగురు 2008 జూన్‌లో అక్కడికి చేరారు. 2021లో, కాలిఫోర్నియాలో మూతపడ్డ ఒక కేంద్రం నుంచి ఇంకొందరు వచ్చారు. కెనడాలో మాంట్రియల్ దగ్గర ఫానా ఫౌండేషన్ ఉంది. అక్కడికి 1997లో ఒక ల్యాబు నుంచి 15 మంది వచ్చారు. ఆఫ్రికా అడవిలో పుట్టాల్సిన జీవులు మంచులో ముసలివాళ్ళవుతున్నారన్నమాట. ఫ్లోరిడా, లూసియానాల్లోనూ పెద్ద శాంక్చువరీలు ఉన్నాయి గానీ వాళ్ళకి ఈ మంచు బాధ లేదు. కాబట్టి ఈ గైడ్ చలి ప్రాంతాల్లో పనికి వెళ్ళేవాళ్ళ కోసం.

డిసెంబర్లో మంచు కొత్త, అందరికీ సరదా. ఫిబ్రవరి చివరికి ఆ మంచు మాసిపోతుంది. పగలు కరిగి బురదవుతుంది, రాత్రికి మళ్ళీ గడ్డకట్టి నేల అద్దంలా తయారవుతుంది. అప్పటికి మూడు నెలలుగా వాళ్ళు ఎక్కువ సమయం లోపలే ఉంటారు. చలి పెద్ద సమస్య కాదు, లోపల హీటర్లుంటాయి. సమస్య పొద్దుపోకపోవడం. పొద్దుపోని చింపాంజీ తన వెంట్రుకలు తనే పీక్కుంటుంది, పక్కవాడితో కయ్యం పెట్టుకుంటుంది, లేదంటే గోడ వైపు తిరిగి ఊగుతూ కూర్చుంటుంది. అందుకే ఈ గైడ్ అంతా ఒక్క పని చుట్టూనే తిరుగుతుంది: పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా వాళ్ళ చేతులకి ఏదో ఒక పని దొరికేలా చూడటం.

నెల ముందే: టీబీ పరీక్ష

చింపాంజీలకి మన రోగాలు చాలావరకు అంటుకుంటాయి. అందుకే చాలా చోట్ల టీబీ లేదని కాగితం చూపిస్తేనే లోపలికి రానిస్తారు. ఇక్కడ మనవాళ్ళకి ఒక చిక్కుంది. ఇండియాలో పుట్టిన మనలో దాదాపు అందరికీ చిన్నప్పుడే బీసీజీ వేశారు, భుజం మీద మచ్చ ఉంటుంది. చర్మంలోకి సూది గుచ్చి రెండు మూడు రోజులాగి చూసే పరీక్షలో, టీబీ లేకపోయినా ఆ టీకా వల్ల పాజిటివ్ రావచ్చు. ఇక ఎక్స్‌రే, ఇంట్లో టెన్షన్, నెల వృథా. మొదటే ఇగ్రా రక్తపరీక్ష చేయమని అడగండి. క్వాంటిఫెరాన్ అన్నా డాక్టర్లకి అర్థమవుతుంది. బీసీజీ వల్ల దాని ఫలితం మారదు.

జలుబుంటే వెళ్ళకండి. "కొంచెం గొంతు గరగర, అంతే" అనుకున్నా వెళ్ళకండి. ఉగాండాలోని కిబాలె అడవిలో 2013లో 56 మంది ఉన్న ఒక చింపాంజీ గుంపులో ఐదుగురు చనిపోయారు. చంపింది రైనోవైరస్ సి, మన పిల్లలకి స్కూల్లో జలుబు అంటించే రకం. ఫిబ్రవరి అంటే ఊరంతా తుమ్ములే కదా. లోపల మాస్కు, చేతి తొడుగులు తీయరు. చేతులు కడుక్కోవడం రోజుకి ముప్పై సార్లయినా అవుతుంది, కాబట్టి ఇంటికొచ్చాక రాసుకోవడానికి కొబ్బరినూనె సిద్ధంగా పెట్టుకోండి.

బయల్దేరేటప్పుడు

క్లీ ఎలమ్ వైపు వెళ్ళేవాళ్ళు స్నోక్వాల్మీ పాస్ దాటాలి, ఎత్తు 3 వేల అడుగుల పైనే. సియాటిల్‌లో వాన పడుతుంటే అక్కడ మంచు పడుతుంటుంది. ముందు రాత్రే రోడ్డు పరిస్థితి చూసుకోండి, డిక్కీలో టైర్ల గొలుసులు ఉంచండి. లేటవుతుందనిపిస్తే ఫోన్ చేయండి. మీకోసం చూస్తూ వాళ్ళు బ్రేక్‌ఫాస్ట్ ఆపరు గానీ, తాళాల దగ్గర ఒక మనిషి తగ్గుతాడు.

ఒంటి మీద వేలాడేది ఏదీ ఉండకూడదు. చెవిదిద్దులు, నల్లపూసలు, ఐడీ కార్డు తాడు, చున్నీ, మఫ్లరు, అన్నీ తీసి లాకర్లో పెట్టండి. ఈ మాట నేను వినలేదు. మొదటి నెలలో ఊలు టోపీ పెట్టుకుని, నేలమీద పడ్డ క్యారెట్ తీద్దామని ఇనుప జాలీ పక్కన వంగాను. టోపీ ఎప్పుడు పోయిందో కూడా తెలియలేదు. తలెత్తి చూస్తే ఓ పెద్దావిడ దాన్ని తన నెత్తిన పెట్టుకుని నన్నే చూస్తోంది. నవ్వొచ్చింది. ఆవిడ టోపీ తీసి, అంచు దగ్గర ఒక పోగు పట్టి లాగడం మొదలుపెట్టేసరికి నవ్వు ఆగిపోయింది. ఊలు మింగితే పేగుల్లో అడ్డుపడుతుంది. అక్కడి ఉద్యోగి ఒకరు వచ్చి బేరం మొదలుపెట్టారు. ముందు ఒక ద్రాక్ష గుత్తి చూపించారు, ఆవిడ తల తిప్పుకుంది. తర్వాత పళ్ళరసం సీసా. ఆవిడ టోపీలోంచి చిన్న ముక్క చింపి, అది మాత్రం ఇచ్చి చెయ్యి చాపింది. ముక్కకి ఒక గుక్క. ఇంకో ముక్కకి ఇంకో గుక్క. మొత్తం టోపీ వెనక్కి రావడానికి నలభై నిమిషాలు పట్టింది. సుల్తాన్ బజార్లో కూడా అలాంటి బేరం చూడలేదు.

నేల మీద గీసిన గీత దాటకూడదని చెప్పేది అందుకే. చింపాంజీకి మనిషికంటే ఐదారు రెట్లు బలం అని జనం అంటుంటారు. 2017లో కండరాల మీద చేసిన ఒక పరిశోధనలో తేలిన తేడా 1.35 రెట్లే. ఆ లెక్క చూసి ధైర్యం తెచ్చుకోకండి. చేతులు పొడుగు, పళ్ళు పెద్దవి, విసురు మెరుపులా ఉంటుంది.

లోపల అడుగు పెట్టగానే: పళ్ళు చూపించి నవ్వకండి

మాస్కు ఉన్నా ఈ అలవాటు చేసుకోవాలి, బయట ఆవరణ దగ్గర దూరంగా నిలబడ్డప్పుడు మాస్కు తీసే అవకాశం ఉంటుంది కాబట్టి. చింపాంజీ రెండు వరసల పళ్ళూ బయటపెట్టిందంటే భయపడుతోందని అర్థం. ఆడుకునేటప్పుడు నోరు వదులుగా తెరుస్తుంది, పై పెదవి పళ్ళ మీదికి దిగి ఉంటుంది, ఊపిరితో నవ్వుతుంది. మీరు పలకరించాలంటే కాస్త వంగి కూర్చుని, తల నెమ్మదిగా పైకీ కిందికీ ఊపండి. గీత ఇవతలే ఉండి, ముంజేతి వెనకభాగం చూపిస్తే చాలు. వేళ్ళు చాపకండి.

వెంట్రుకలు నిక్కబొడుచుకుని, అటూ ఇటూ ఊగుతూ, హూ హూ అని గొంతు పెంచుకుంటూ ఒకతను తలుపుని ధనామని తన్నాడనుకోండి. అది మీ మీద పగ కాదు, తన దర్జా చూపించుకోవడం. కొత్తవాళ్ళొస్తే తప్పకుండా జరుగుతుంది. అరవకండి, పరిగెత్తకండి, కళ్ళలోకి చూడకండి. చేస్తున్న పని చేసుకోండి.

తాళాలు

దీని గురించి తక్కువ చెప్తాను, ఎందుకంటే కొత్త వాలంటీర్లకి తాళాలు ఇవ్వరు. మీ పని రెండో కన్నుగా ఉండటం. ఏ గది శుభ్రం చేయాలన్నా ముందు అందరినీ పక్క గదికి పంపి, మధ్య తలుపు దించి, తాళం వేసి లాగి చూస్తారు. తర్వాత తలలు లెక్కపెడతారు. "అతను అవతల ఉన్నట్టున్నాడు" అనేది లెక్క కాదు. కళ్ళతో చూశాకే పేరు పలకాలి. ఒకరు కనిపించకపోతే, చలికి దుప్పట్ల కుప్ప కింద దూరి ఉండవచ్చు. చలికాలంలో ఇలా తరచూ జరుగుతుంది. కనిపించేదాకా తలుపు తెరవరు, ఎంత ఆలస్యమైనా సరే.

దుప్పట్లు

చింపాంజీలు అడవిలో ప్రతి రాత్రీ కొమ్మలు వంచి కొత్త గూడు కట్టుకుని పడుకుంటాయి. శాంక్చువరీలో కొమ్మల బదులు దుప్పట్లు, ఎండుగడ్డి. కాబట్టి రోజూ పొద్దున మోపులకొద్దీ ఉతుకు ఉంటుంది. ఎండిన ప్రతి దుప్పటినీ వెలుతురులో పట్టుకుని చూడండి. అంచు ఊడి దారాలు వేలాడుతుంటే కత్తిరించండి, చిరుగు పెద్దదై మెడ పట్టేంత సందు ఏర్పడితే పక్కన పడేయండి. జిప్పులు, గుండీలు, ఎలాస్టిక్ ఉన్నవి పనికిరావు. ఇంట్లో పాత దుప్పట్లు ఇద్దామనుకునేవాళ్ళు మందపాటి ఫ్లీస్‌వి ఇవ్వండి. అల్లిక శాలువలు వద్దు.

ఫిబ్రవరిలో మామూలుగా ఇచ్చే వాటికి రెట్టింపు పెట్టండి. సరిపోతాయనిపిస్తే ఇంకో నాలుగు పెట్టండి. వాళ్ళు కప్పుకునేవి తక్కువ. కింద వేసుకునేవి, చుట్టూ గట్టులా పేర్చుకునేవి, పక్కవాళ్ళకి దొరక్కుండా చంకలో పెట్టుకు తిరిగేవి ఎక్కువ.

తిండి

మనవాళ్ళందరూ మొదట అడిగేది అరటిపండ్ల గురించే. తక్కువ పెట్టాలి. మనం కొనే పండ్లు అడవి పండ్లకంటే బాగా తీపి. పైగా మనుషుల దగ్గర పెరిగిన చింపాంజీల్లో గుండెజబ్బులు ఎక్కువ, ఒళ్ళూ త్వరగా వస్తుంది. పళ్ళెంలో ముఖ్యంగా ఉండేవి ఆకుకూరలు, క్యాబేజీ, క్యాప్సికం, చిలగడదుంప, క్యారెట్, వీటితోపాటు కోతిజాతుల కోసం తయారుచేసే బిస్కెట్లు. మనలాగే వాళ్ళ ఒంట్లోనూ విటమిన్ సి తయారవదు, తిండిలోంచే రావాలి. పొద్దున్నే ఇచ్చే స్మూతీలోనే మందులూ కలిసిపోతాయి. చలి రోజుల్లో గోరువెచ్చగా, కెఫీన్ లేని మూలికల టీ ఇస్తే కొందరు కప్పు వదలరు. టీ అంటే మన అల్లం టీ కాదు, పాలూ పంచదారా ఉండవు. ఇంటినుంచి ఏదీ పట్టుకెళ్ళకండి, పండైనా సరే. ముందు అడగండి.

ఇక పొద్దు గడిపించే పని

అడవిలో చింపాంజీకి మెలకువగా ఉన్న సమయంలో సగందాకా తిండి వెతుక్కోవడానికే పోతుంది. మనం గిన్నెలో పెట్టి ఇస్తే అదే తిండి ఐదు నిమిషాల్లో అయిపోతుంది. మిగతా రోజంతా ఏం చేయాలి? కాబట్టి తిండిని దాచడమే మీ అసలు ఉద్యోగం. వంటగదిలో ఒక బల్ల మీ కోసం ఖాళీ చేసి, పక్కన అట్టపెట్టెలు పోసి పెడతారు. ఒక పెట్టె ఇలా కట్టాలి:

1. పెట్టెకున్న టేపు, పిన్నులు, అతికించిన కాగితాలు అన్నీ పీకేయండి. గోరుతో తడిమి చూడండి, పారదర్శక టేపు కంటికి కనపడదు.
2. అడుగున రెండు గుప్పెళ్ళ ఎండుగడ్డి పరచండి. తడిగడ్డి వద్దు, బూజు పడుతుంది.
3. ఓట్స్, పొద్దుతిరుగుడు గింజలు ఒక గుప్పెడు చల్లండి. గింజ ఎంత చిన్నదైతే అంత ఎక్కువసేపు వెతుకుతారు.
4. కాగితం సంచిలో నాలుగు వేరుశనగకాయలు వేసి మెలిపెట్టండి. ఆ సంచిని ఇంకో సంచిలో పెట్టి మళ్ళీ మెలిపెట్టండి.
5. పైన మళ్ళీ గడ్డి, నలిపిన కాగితం. మూత రెక్కలు ఒకదాని కింద ఒకటి దోపి మూసేయండి. జిగురు, తాడు వాడకండి.
6. గుంపులో ఉన్నవాళ్ళకంటే కనీసం మూడు పెట్టెలు ఎక్కువ కట్టండి.

ఆరో మాట మర్చిపోతే మిగతావన్నీ వృథా. తొమ్మిది మందికి తొమ్మిది పెట్టెలు పెడితే, పెద్దరికం ఉన్న ఒకతను నాలుగు లాగేసుకుంటాడు. అడుగున ఉన్న ముసలామెకి ఖాళీ అట్ట మిగులుతుంది. పెట్టెల్ని ఒకచోట కాకుండా ఎత్తుల్లో, మూలల్లో, తలుపుల దగ్గర వేర్వేరుగా పెట్టండి. ఒకడు ఒకేసారి రెండు చోట్ల ఉండలేడు కదా.

రెండో సాధనం చెదపుట్ట. టాంజానియాలోని గోంబె అడవిలో 1960లో చింపాంజీల పరిశోధకురాలు జేన్ గుడాల్ చూసింది ఈ పనే: డేవిడ్ గ్రేబియర్డ్ అని తను పేరుపెట్టిన మగ చింపాంజీ, గడ్డిపరకను పుట్టలోకి దూర్చి చెదపురుగుల్ని బయటికి లాగి తింటున్నాడు. శాంక్చువరీల్లో దీనికి బదులు జాలీకి బిగించిన పైపులుంటాయి. వాటి అడుగున యాపిల్ గుజ్జు గానీ ఆవపిండి పేస్టు గానీ కొంచెం పూయండి. పుల్లలు మీరు ఇవ్వాలి, కానీ సరిగ్గా సరిపోయే పుల్లలు ఇవ్వకండి. కొమ్మలున్నవి, పొడుగువి ఇవ్వండి. ఆకులు దూసి, మొన నమిలి కుంచెలా చేసుకోవడంలోనే ఇంకో పావుగంట గడుస్తుంది. కొమ్మలు ఏ చెట్టువో మాత్రం చూసుకోండి. పెరట్లో కత్తిరించిన రొట్టంతా పట్టుకొచ్చేవాళ్ళుంటారు. యూ చెట్టు, రోడోడెండ్రాన్ రెండూ విషం. శీతాకాలంలో పచ్చగా కనిపించేవీ అవే కాబట్టి జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి.

మూడోది మంచు. కీళ్ళ నొప్పులున్న ముసలివాళ్ళు బయటికి రారు. మంచునే లోపలికి తీసుకెళ్ళండి. మనుషులు నడవని చోట, పై పొర తీసేసి, కింది శుభ్రమైన మంచు తొట్టెలో నింపండి. ద్రాక్షపండ్లు ఒక్కొక్కటీ లోతుగా గుచ్చండి. మొదటిసారి నేను దీన్ని ముందు రాత్రే నింపి ఆరుబయట ఉంచాను. పొద్దున్నకి అది మంచు తొట్టి కాదు, రాయి. అందరూ ఓసారి తట్టి చూసి వెళ్ళిపోయారు. ఇచ్చే పది నిమిషాల ముందు మాత్రమే నింపండి. మా పెద్దావిడ, టోపీ బేరం చేసిన ఆవిడే, ద్రాక్షలు ముట్టుకోలేదు. గుప్పెడు మంచు తీసుకుని వేడి గొట్టం దగ్గరున్న తన దుప్పట్ల మీద కూర్చుంది. కరుగుతున్న నీళ్ళు ముంజేతి మీదుగా మోచేతికి జారుతుంటే, కింది పెదవిని దోనెలా చాపి ఒక్కో చుక్కా పట్టుకుంది. మంచు అయిపోయాక వచ్చి ఇంకో గుప్పెడు తీసుకెళ్ళింది. అరగంట అలాగే గడిచింది.

బయటికి వెళ్తారా, లేదా

బయటి ఆవరణ తలుపు తెరిచే ముందు కరెంటు కంచె చుట్టూ ఒకరు నడిచి రావాలి. పేరుకున్న మంచు కింది తీగల్ని తాకితే కరెంటు నేలలోకి దిగిపోతుంది, కంచె పేరుకి మాత్రమే మిగులుతుంది. గాలికి విరిగి పడ్డ కొమ్మా అంతే. పార తీసుకుని మీరూ వెళ్ళండి. మంచు చెక్కుతూ నడిస్తే చలి కూడా తెలియదు. వాళ్ళు నడిచే చోట జారుతోందని ఉప్పు మాత్రం చల్లకండి, నాకేస్తారు. ఇసుక వేయండి.

తలుపు తెరిచాక మీ పని అయిపోయింది. రమ్మని పిలవకండి, బయట తిండి పెట్టి ఆశ చూపి తలుపు మూయకండి. వాళ్ళ జీవితంలో ఎప్పుడు బయటికి రావాలో, ఎప్పుడు సూది వేయించుకోవాలో అన్నీ ఇంకెవరో తేల్చారు. ఇప్పుడు గడప మీద గంటసేపు నిలబడి బురద వైపు చూసి లోపలికి వెళ్ళిపోతే, అది వాళ్ళిష్టం. తలుపు తెరిచే ఉంచండి. వేడి పోతోందని మీకు అనిపిస్తుంది, మన కరెంటు బిల్లు బుద్ధి అది. మార్చి మొదట్లో ఏదో ఒక మధ్యాహ్నం ఎండ కాస్తుంది. అప్పుడు ఒకరు కాలి వేళ్ళ మీద బురద తొక్కుతూ వెళ్ళి దుంగ మీద కూర్చుంటారు, వెనకే ఇంకొకరు.

గొడవైతే

ఈ నెలల్లో గొడవలు తప్పవు. కేకలు వింటే చెవులు చిల్లులు పడతాయి, చూస్తే ఒకరినొకరు చంపుకుంటారేమో అనిపిస్తుంది. మీరు చేయాల్సింది ఒక్కటే: పక్కకి తప్పుకుని, ఎవరు ఎవరి వెంట పడ్డారో గుర్తుపెట్టుకోవడం. మీరు "ఏయ్" అని అరిస్తే అది ఇంకో కేకగా కలుస్తుంది. తర్వాత వెళ్ళిపోకండి, ఓ పదిహేను నిమిషాలు ఆగి చూడండి. 1970ల్లో నెదర్లాండ్స్‌లోని ఆర్నెం జూలో ఫ్రాన్స్ డి వాల్ అనే పరిశోధకుడు గమనించింది ఈ భాగాన్నే. కొట్టుకున్నవాళ్ళు మళ్ళీ దగ్గరికొచ్చి చెయ్యి చాపుతారు, ముద్దు పెట్టుకుంటారు, ఒకరి వెంట్రుకల్లో ఒకరు వెతుకుతూ కూర్చుంటారు. రాజీ కుదిరిందా లేదా అన్నది కూడా రాయాల్సిన విషయమే. కుదరకపోతే సాయంత్రం ఎవర్ని ఏ గదిలో పడుకోబెట్టాలో ఉద్యోగులు ఆలోచించుకోవాలి.

వెళ్ళే ముందు

నోట్స్ రాయండి. ఎవరు తినలేదు, ఎవరు దగ్గారు, ఎవరి ముక్కు కారుతోంది, ఎవరు ఎడమ కాలు ఆనించడం లేదు, ఎవరికి విరేచనం పల్చగా ఉంది. "అందరూ బాగున్నారు" అని రాస్తే ఏమీ రాయనట్టే. మీరు చూసింది రాయండి, మీకు అనిపించింది కాదు. "దిగులుగా ఉంది" కాకుండా "మధ్యాహ్నం మూడు నుంచి నాలుగున్నర వరకు గోడ వైపు తిరిగి కూర్చుంది, వేరుశనగ తీసుకోలేదు" అని.

రాత్రికి కొత్త గడ్డి, పొడి దుప్పట్లు వేసి, గింజలు పలచగా చల్లి రండి. చీకటి పడేదాకా ఏరుకుంటారు.

ఇంకొక్క విషయం. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకి జరుపుతారు. ఆ సంగతి చింపాంజీలకి ఎవరూ చెప్పరు. ఆ పొద్దున మీరు స్మూతీ పట్టుకెళ్ళేసరికి సగం మంది ఇంకా దుప్పట్లలోనే ఉంటారు, ఎవరీ తొందరపాటు మనుషులు అన్నట్టు ఒక కన్ను తెరిచి చూస్తారు. సాయంత్రం ఇంకా చిక్కు. ఐదింటికి డిన్నర్ పెట్టి మీరు వెళ్ళిపోయాక కూడా రెండు గంటల వెలుతురు మిగిలుంటుంది. ఆ వారం పెట్టెలు రెండు వరసలు కట్టి, రెండో వరస డిన్నర్ తర్వాత ఇవ్వమని బల్ల మీద చీటీ పెట్టి రండి.